మూడు పేజీల సందర్శన

మూడో ‘స’ అయింది. ఇంకా నాలుగున్నాయి. ప్రసంగానికి ముందే మనిషికో జిరాక్సు కాగితం పంచారు. పైన ‘సేవక నాయకత్వానికి ఏడు మెట్లు’ అని పెద్దక్షరాలు, కింద వరసగా ఏడు ‘స’లు, ఒక్కో ‘స’ పక్కన ఓ ఖాళీ గీత. ప్రసంగీకుడు మాట చెప్పగానే మనం ఆ గీత మీద మిగతా అక్షరాలు నింపుకోవాలట. సమర్పణ, సమయపాలన, సంసిద్ధత. మా వరసలో ఆడవాళ్లు ఒకే పెన్నుని చేతులు మార్చుకుంటూ డిక్టేషన్ రాసే పిల్లల్లా నింపుతున్నారు, చదువు రాని గంగాభవాని కూడా పక్కావిడ చేత నింపించుకుని కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఏడు మాటలూ ఒకే అక్షరంతో మొదలైతే అది దైవప్రేరణ అని పాస్టర్లని తయారుచేసే వీళ్ల సెమినరీలో ఎవరో చెప్పి ఉంటారు. సమయపాలన గురించి పదకొండు నిమిషాలు చెప్పాడు, నేను గడియారం చూశాను. ముందు వరసలో వేసిన వెల్వెట్ కుర్చీలో వీళ్ల ప్రొఫెసరు త్రినాధరావు గారు మోకాళ్ల మీద ఫైలు పెట్టుకుని, మెడ నిటారుగా నిలిపి నిద్రపోతున్నాడు. అదీ ఓ శిక్షణే. నా హ్యాండ్‌బ్యాగులో ఆయనకివ్వాల్సిన కాగితాలున్నాయి, వారం రోజులుగా ఉన్నాయి. ఆరాధన అయ్యాక చర్చి పక్కనున్న వెస్ట్రీ గదిలో టీ తాగుతూ ఆయన వాటి కోసం చెయ్యి చాపుతాడు. అందులో మూడు సంతకాలుండాలి. పాస్టరు గారిది ఉంది. మా ఆయనది ఉంది. నాది లేదు.

నాలుగో ‘స’ సహనం అన్నాడు. ఉంటుంది మరి, సహనం లేకుండా ఎలా. చేతులు రెండూ పల్పిట్ అంచుల మీద వేసి, ముందుకు వంగి, గొంతు తగ్గించి, ఉన్నట్టుండి అరుస్తాడు. అరిచినప్పుడల్లా సౌండు బాక్సు కీచుమంటుంది, కీబోర్డు కుర్రాడు కింద నుంచి ఓ మెత్తటి స్వరం పట్టుకుని ఉంచుతాడు, దుఃఖం రావడానికి. ఇవన్నీ టీవీలో పొద్దున్నే వచ్చేవాళ్ల దగ్గర నేర్చుకున్నవి, ఎం.డివ్. అనే పాస్టరు చదువు మూడేళ్లలో నేర్చుకున్నవి కావు. లేక అక్కడా ఇదే నేర్పుతారేమో, నాకేం తెలుసు. ఇతని ఊరు చీడికాడ దగ్గర. తండ్రి యేసుపాదం మాకు తెలుసు, ఇటుకల బట్టీలో పనిచేసి కొడుకుని ఇంత చదువు చదివించాడు, ఆయన మాట్లాడితే వినబుద్ధేస్తుంది. ఈ సురేష్ బాబు మాట్లాడితే ఏ ఊరివాడో తెలీదు. ‘సంఘము’ అనడు, ‘సంగమ్’ అంటాడు, పెదాల చివర. జూన్ నుంచి ప్రతి శనివారం ప్యాసింజర్లో దిగుతున్నాడు, ఆదివారం సాయంత్రం ఎక్కుతున్నాడు. ఫీల్డ్ వర్కు. అంటే చదువుకున్నది మన మీద ప్రయోగించి చూడ్డం. పది నెలల్లో మా ఇంట్లో ఎన్ని పూటలు తిన్నాడో నేను లెక్కపెట్టలేదు కానీ, తిన్న కంచం ఒక్కసారీ తియ్యలేదు, అది మాత్రం లెక్కపెట్టనక్కర్లేదు. సేవక నాయకత్వం.

సెమినరీ వాళ్ల నియమం ఏమిటంటే, విద్యార్థి ఏ సంఘానికి వెళ్తే ఆ సంఘంలో ముగ్గురు అతని మీద కన్నేసి ఉంచాలి: పాస్టరు, ఒక పెద్ద, ఒక స్త్రీ. స్త్రీ డిగ్రీ చదివుంటే మంచిదన్నారట. ఇక్కడి కాలేజీలో ఎప్పుడో బి.ఏ. చదివి, ఆ తర్వాత పప్పు, చారు, యూనిఫారాల ఇస్త్రీ తప్ప ఏదీ రాయని నన్ను అలా పట్టుకున్నారు. సంఘ పెద్ద మా ఆయనే కాబట్టి ఒకే ఇంట్లో రెండు సంతకాలు తేలిగ్గా అయిపోతాయనుకున్నారు. చాలా ఫారాలొచ్చాయి. స్వరానికి ఎన్ని మార్కులు, హావభావాలకి ఎన్ని, సంఘంతో సంబంధానికి ఎన్ని. అన్నిటికీ ఐదుకి మూడు వేసుకుంటూ వచ్చాను, కోపం లేకుండా. చివరికి వారం క్రితం ఇది వచ్చింది. వెర్బాటిమ్ అంటారట. జబ్బుపడ్డవాళ్లని చూడ్డానికి వెళ్లిన విద్యార్థి, అక్కడ తనన్న మాటలూ రోగి అన్న మాటలూ పొల్లు పోకుండా రాసి తేవాలి. దాన్ని చూసి ఇతనికి మనుషుల దగ్గర కూర్చోవడం వచ్చో రాదో తేలుస్తారు. మంచి పద్ధతే. ఎవరు కనిపెట్టారో గానీ బుద్ధిమంతుడు. విద్యార్థి మాట్లాడింది వి-ఒకటి, రోగి మాట్లాడింది రో-ఒకటి, అలా రో-పద్నాలుగు దాకా, మూడు పేజీలు, కంప్యూటర్లో కొట్టించి. రోగి: శ్రీమతి లూర్దు మేరీ, డెబ్భై ఒకటి. తేదీ: తొమ్మిది డిసెంబరు రెండువేల ఆరు. అడుగున ‘పై సందర్శన వాస్తవమని ధ్రువీకరిస్తున్నాము’.

లూర్దు మేరీ మా అత్తగారు.

రో-మూడులో ఆవిడంటుంది: ‘నా ఆత్మ ప్రభువునందు ఆనందించుచున్నది’. వంటింట్లో నిలబడే చదివాను, నవ్వొచ్చింది మొదట. మా అత్తగారు డెబ్భై ఒక్క ఏళ్లలో ఏదీ ‘చున్నది’ అనలేదు. నాతవరం అవతల పుట్టి, చెరుకు తోటల్లో పెరిగి, నడివయసులో ఈ టౌనుకొచ్చినావిడ. ‘ఓలమ్మీ, ఇదేటి సారు, మబ్బునీళ్లా. ఉప్పు ఏసేవా నేదా’ అనేది. ‘బీయేలు సదివేవు గానీ గంజి వంచడం రాదు గదే నీకు’ అనేది, పెళ్లయిన మొదటి వారంలోనూ అంది, పద్దెనిమిదో ఏట కూడా అంది. మధ్యలో ఒక్కసారైనా, కూర బాగుందనో, చీర నప్పిందనో, బిడ్డని బాగా పెంచావనో, అంటుందేమోనని నేను చూశాను. చూశానని ఒప్పుకోవడానికి కూడా సిగ్గే. ఆగస్టులో పక్షవాతం వచ్చి కుడిపక్క పోయింది, దాంతోపాటు మాట పోయింది. పూర్తిగా కాదు. డాక్టరు చెప్పాడు, ఒక్కోసారి ఏదో ఒక మాట మిగులుతుంది, ఏది మిగులుతుందో మన చేతుల్లో ఉండదు అని. ఆవిడకి మిగిలింది ‘పో’. ప్రార్థనలో మాట కాదు, మనవరాలి పేరు కాదు, కొడుకు పేరు కాదు. పో. ఆకలేస్తే పో, దాహమేస్తే పో, పక్క తడిస్తే పో, కిటికీ మూస్తే పో, కిటికీ తీస్తే పో. నెల తిరిగేసరికి నాకు పోలన్నీ తెలిసిపోయాయి. పొట్టిగా, తేలిగ్గా అంటే నీళ్లు. దీర్ఘం తీస్తే నొప్పి. రెండుసార్లు గబగబా అంటే తడిసింది, త్వరగా రా అని. మా ఆయన ఆఫీసు నుంచొచ్చి మంచం పక్క నిలబడితే ఆవిడ పో అనేది, ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయేవాడు. అది దగ్గర కూర్చోమని అనే పో. చెప్పాను. నమ్మలేదు. అమ్మ ఎప్పుడూ అలాగే కసిరేది కదా అనేవాడు.

ఐదో ‘స’, సంభాషణ. రాసుకోండి అందరూ. సంభాషణ అంటే మాట్లాడ్డం కాదు ప్రియులారా, వినడం. ఇది ఎవరో పెద్దాయన అన్నమాట అయ్యుంటుంది, ఇతని నోట్లో అరగక అలాగే ఉంది. వినడం చూడాలంటే మా ఎదురింటి సూర్యకాంతమ్మ గారిని చూడాలి. బెల్లం కొట్టు వాళ్లు, మా ప్రార్థనలకీ ఆవిడ పూజలకీ ఏ సంబంధమూ లేదు, సాయంత్రం దీపం పెట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చేది, మంచం కోడు పక్కన పీట వేసుక్కూర్చునేది. అత్తగారు పో అనేది. ‘ఎక్కడికి పోమంటావు పిన్నీ, మా ఇంట్లో మాత్రం నన్నెవులు రమ్మంటన్నారు’ అనేది ఆవిడ. మళ్లీ పో. ‘అలాగే, పోతాన్లే గానీ, మా రెండో కోడలు ఇయ్యాల ఏటి సేసిందో సెప్తాను ఇను. ఇన్న తరవాత నువ్వే ఉండమంటావు’. అత్తగారి సగం మూతి కదిలేది. ఆవిడ అరగంట ఆ కోడల్ని ఉతికి ఆరేసి, వెళ్తూ వెళ్తూ తన కొంగుతోనే ముసలావిడ నోటి పక్క చొంగ తుడిచి వెళ్లేది. ఏ సెమినరీ వాళ్లు నేర్పారు ఆవిడకి, ఏ ఫారం నింపింది. ఆవిడ వెర్బాటిమ్ రాస్తే ఎలా ఉండేదో. రో-ఒకటి పో, రో-రెండు పో, రో-మూడు పో. ప్రొఫెసరు గారు సున్నా వేసి ఉండేవారు.

ఇతని సందర్శన నాకు నిమిషాలతో సహా గుర్తుంది, ఎందుకంటే పొయ్యి మీద పాలున్నాయి. ఆ శనివారం కొండకర్ల నుంచి వాలుగ చేప తెచ్చారు, పులుసు పెట్టాను. రెండుసార్లు పులుసు అడిగి వేయించుకున్నాడు. పులుసన్నం అయ్యాక, అమ్మగారిని చూస్తారా బాబూ, అన్నాను. లేచాడు. గడప దగ్గరికొచ్చి ఆగాడు. అప్పుడే డెట్టాల్ వేసి తుడిచాను, అయినా ఆ గదికి ఓ వాసనుండేది, నేను కాదనను. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు, రెండో చెయ్యి గాల్లోకి ఎత్తాడు, కళ్లు మూసుకుని ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆవిడ కళ్లు తెరిచి ఇతని వైపు చూసి, పో, అంది. ఇతను ఆమెన్ అన్నాడు. పాలు పొంగే లోపల వచ్చి దింపుకున్నాను, అంతసేపే. తిరిగొచ్చేసరికి పెరుగు కోసం కంచం ముందు కూర్చుని ఉన్నాడు.

దానికి మూడు పేజీలు. అబద్ధమాడినందుకు కాదు నాకు అసహ్యం. కుర్రాళ్లు అబద్ధాలాడతారు, పరీక్షలన్నాక తప్పదేమో. పనిమంతుడి అబద్ధమైతే ఓ మోస్తరు గౌరవించేదాన్ని. చూడనే లేదు కదా. మంచం ఏ మూలనుందో, ఆవిడ ఏ పక్క ఒత్తిగిలి ఉందో, పలికిందో లేదో. నోరు లేని మనిషి చేత పద్నాలుగు జవాబులు చెప్పించాడంటే, ఆవిడకి నోరు లేదని కూడా తెలియనంత దూరంలో నిలబడ్డాడన్నమాట. ఆవిడ చనిపోయినప్పుడు సమాధి ఆరాధనలో ముందు నిలబడి పాట పాడాడు, అప్పుడు కూడా ఎవరినీ అడిగి తెలుసుకోలేదు.

అయినా అతన్ని అని ఏం లాభం. ఆ కాగితం ముందు చదివింది మా ఆయన. భోజనం బల్ల దగ్గర చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఏడ్చాడు. బెన్‌హర్ అని సినిమా వీరుడి పేరు పెట్టారు ఆయనకి, కరెంటాఫీసులో ఎవరు గట్టిగా మాట్లాడినా ఫైలు చాటుకి వెళ్తాడు. తల్లి పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. ‘సూడే, సలోమీ, అమ్మ ఏటందో సూడు. నీ గురించి కూడా అంది’. రో-పదకొండు. ‘నా కోడలు నన్ను కన్నబిడ్డవలె సాకుచున్నది. ఆమె చేతులలో నేను ప్రభువు చేతులను చూచుచున్నాను’. నేను మెల్లిగానే అన్నాను, అప్పటికి నాలుగు నెలలై మాట లేదు కదండీ, అని. ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను, కన్న తల్లిని నేనే రెండోసారి చంపేస్తున్నట్టు చూశాడు. తర్వాత ఆయనకే ఓ దారి దొరికింది. ‘ప్రార్థన చేసేడు కదా. ఆ కాసేపూ దేవుడు నాలిక విప్పేడేమో. నువ్వు వంటింట్లో ఉన్నావు, నీకేటి తెలుసు?’ సాయంత్రానికి అది పాస్టరు గారికి చేరింది. బుధవారం ప్రార్థన కూటంలో అద్భుతం అయిపోయింది. రోగుల జాబితా పట్టుకుని ఇద్దరు ముగ్గురు సురేష్ బాబు ఎప్పుడొస్తాడని అడిగారు కూడా. ఇది మా వాళ్లే చెయ్యగల తప్పు. కుర్రాడు హోంవర్కు ఎగ్గొడితే దేవుడి చేత పూర్తి చేయించారు.

మరి నేనో. గురువారం పొద్దున మా చర్చిలో పాటలు పాడే సుజి గేటు దగ్గరే మొదలుపెట్టింది. ‘వదినా, మేరీ పెద్దమ్మ నిన్ను పొగిడీసిందట గదా! అదృష్టవంతురాలివే బాబూ. మా అత్త ఉంది, నోరు పడిపోయినా నన్ను తిట్టడానికి సైగలు నేర్చుకుంటాది’. నవ్వాను. లోపలికి రమ్మన్నాను, టీ ఇచ్చాను. కాదు సుజీ, అదంతా వట్టిది, అనలేదు. శుక్రవారం ఇంకొకావిడకీ టీ ఇచ్చాను. మూడు రోజులు ఆ వాక్యాన్ని నోట్లో బెల్లం ముక్కలా పెట్టుకు తిరిగాను, అబద్ధమని తెలిసీ, గిన్నెలు తోముకుంటూ, చూచుచున్నాను, చూచుచున్నాను అని. వేరేవాళ్ల మీద చూపించే ఏవగింపులో సగమైనా నా మీద నాకు కలగడానికి శనివారం పట్టింది. అదీ బట్టలు మడుస్తుంటే ఆవిడ కింద పరిచే పాత లుంగీ గుడ్డ ఒకటి బీరువా వెనకనుంచి దొరికితే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. పొద్దుట్నుంచి పో పో అంటూనే ఉంది, నీళ్లిస్తే కాదు, పక్క మారిస్తే కాదు, నొప్పి మందు వేశాను, కాదు. జావ చెంచాతో పెడితే ఎడంచేత్తో తోసింది, జావంతా నా చీర మీద, పక్క మీద, అప్పుడే మార్చిన పక్క మీద. పో అంది మళ్లీ. మీరే పోండి, అన్నాను నేను. గట్టిగా కాదు. గట్టిగా అనుంటే కోపంలో అన్నానని సర్దుకుపోయేది. మామూలు గొంతుతో, మార్కెట్లో బేరం కుదరనప్పుడు అన్నట్టు అన్నాను. ఆవిడ ఆగిపోయింది. నా వైపు చూసింది. ఎడమ పక్క మూతి కదిలింది, కుడిపక్క కదలదు కదా, ఆ సగం మొహంలో వచ్చింది నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు. పద్దెనిమిదేళ్లకి కోడలు ఎదురు మాట్లాడిందని నవ్విందా. ఆవిడ నవ్వగలదు, అలాంటి మనిషే. లేక. పోలన్నీ తెలుసనుకున్న నాకు ఆ ఒక్కటీ తెలియలేదు. తర్వాత మూడు వారాలే ఉంది. ఆ మూడు వారాల్లో పో కూడా అనలేదు.

కాబట్టి రో-పదకొండు నాకు ఎంత పనికొస్తుందో నాకు తెలుసు. సంతకం పెడితే చాలు. మా ఆయనకి మాట్లాడిన తల్లి దొరుకుతుంది, ఈ కుర్రాడికి డిగ్రీ దొరుకుతుంది, నాకు ఆ మధ్యాహ్నం కొట్టివేయబడుతుంది, మూడు సంతకాలతో, సెమినరీ ముద్రతో. ఇంత చవకగా పాపవిమోచన ఎవరికి దొరికింది.

‘ఆరవ మెట్టు. సందర్శన’ అన్నాడు. పెన్ను మా వరసలో గబగబా నడిచింది. ప్రొఫెసరు కళ్లు తెరిచాడు. సురేష్ బాబు పల్పిట్ వెనకనుంచి పక్కకొచ్చి నిలబడ్డాడు, సొంత అనుభవం చెప్పేటప్పుడు అలా రావాలని నేర్పుతారనుకుంటాను. కీబోర్డు మొదలైంది. ప్రియులారా, ఒక డిసెంబరు మధ్యాహ్నం ఒక తల్లి మంచం పక్కన మోకాళ్లూనాను. మోకాళ్లూ వచ్చాయన్నమాట. కాగితంలో కుర్చీ అనే ఉంది. ఆ తల్లి చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. ఆ తల్లి పెదవులు కదిలాయి. స్తోత్రం, అన్నారెవరో వెనకనుంచి. మగవాళ్ల వైపు మూడో బెంచీలో మా ఆయన రుమాలు తీసుకున్నాడు. నాకు ఆ క్షణంలో ఆయన మీద జాలి కలగాలి, కలగలేదు. ఆరు నెలలు దగ్గర కూర్చోమని పిలిచిన పోలన్నిటికీ వెనక్కి తిరిగి వెళ్లి, ఈ టైపు చేసిన కాగితానికి ఏడుస్తున్నాడు. చదవడానికి వీలుగా ఉంది కదా, వాసన లేదు కదా. రో-పదకొండుకి వచ్చాడు. కన్నబిడ్డవలె. ప్రభువు చేతులను. గొంతు వణికించాడు, బాగానే వణికింది, స్వరానికి ఐదుకి మూడున్నర. ఆపైన చెయ్యి చాపి నా వైపు చూపించాడు. ‘ఆ కోడలు ఈ రోజు మన మధ్యనే ఉన్నారు. ఆంటీ, దయచేసి ఒక్కసారి నిలబడతారా? సంగమంతా చూస్తుంది’.

మెడలన్నీ తిరిగాయి. సుజి కళ్ల నిండా నీళ్లతో నవ్వుతోంది. మా ఆయన అక్కణ్నుంచి అరచెయ్యి పైకి ఊపుతున్నాడు, లే, లే, అని. నేను కూర్చునే ఉన్నాను. కావాలని కూర్చున్నానని అందరికీ తెలియాలని, వీపు కూడా వెనక్కి వాల్చాను. తర్వాత పాస్టరు గారు మైకు కోసం చెయ్యి చాపి, చూశారా తగ్గింపు, తన్ను తాను తగ్గించుకునే మనసు, అన్నారు. చప్పట్లు కొట్టారు. గంగాభవాని నా మోకాలు పట్టుకుని ‘ఎంత వొదుగో అమ్మా నీకు’ అంది. ఇదీ వీళ్లతో వచ్చిన చిక్కు. లేస్తే సాక్షిని, లేవకపోతే పరిశుద్ధురాలిని. కూర్చునీ నిలబడీ వీళ్లకి నిజం చెప్పలేం. రాసే చెప్పాలి.

ఏడో ‘స’ సాక్ష్యం. నేను వినలేదు. బ్యాగులోంచి కాగితాలు తీసి, పాటల పుస్తకం కింద అట్టలా పెట్టుకుని, మూడో పేజీ అడుగున రాశాను. నా దస్తూరీ ఇంకా బాగానే ఉంది. ‘ఇందులోని వ్యక్తికి ఆ తేదీ నాటికి నాలుగు నెలలుగా మాట లేదు. ఒకే ఒక్క మాట మిగిలి ఉండేది, అది ఈ నివేదికలో ఎక్కడా లేదు. విద్యార్థి గడప దాటి లోపలికి రాలేదు. ఈ సందర్శన వాస్తవమని నేను ధ్రువీకరించలేను’. నాలుగు వాక్యాలు. అప్పటికి ఆశీర్వాదం కోసం అందరూ లేస్తున్నారు.

వెస్ట్రీలో స్టీలు గ్లాసుల్లో టీ, పళ్లెంలో బిస్కట్లు. పాస్టరు గారు బయట ఎవరితోనో ఉన్నారు. ప్రొఫెసరు గారు, సురేష్ బాబు, మా ఆయన, నేను, మేం నలుగురమే. త్రినాధరావు గారు కాగితం తిరగేసి చదివాడు, బిస్కట్టు నమలడం ఆపకుండా. కోపం రాలేదు, ఆశ్చర్యం కూడా రాలేదు. అది చూసి నాకు అన్నిటికన్నా ఎక్కువ రోత పుట్టింది. ‘అమ్మా, మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ఇలాంటివి మాకూ తెలుస్తుంటాయి. కానీ ఇలా రాస్తే ఈ పేపరు మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి, పాస్టరుగా అభిషేకం ఏడాది వెనక్కి పోతుంది. కుర్రాడి జీవితం. కొంచెం మెత్తగా రాయండి. సంభాషణ పరిమితంగా జరిగింది, అనండి. చాలు’.

సురేష్ బాబు గ్లాసు కింద పెట్టాడు. ‘ఆంటీ, మీ గురించి మంచిగానే రాసేను గదా. మరేటి తప్పు సేసేను?’ అన్నాడు. పది నెలల్లో అతని ఊరి గొంతు వినడం అదే మొదటిసారి. ఆ ఒక్క క్షణం యేసుపాదం కొడుకులా కనిపించాడు, ఒక్క క్షణం నా చెయ్యి మెత్తబడిన మాట కూడా నిజం. అంతలోనే ఆ మాట లోపలికి దిగింది. నా గురించి మంచిగా రాశాడు. నాకు కావలసిందేదో ఇతనికి తెలుసు. మంచం మీది మనిషిని చూడలేదు గానీ, వడ్డిస్తూ నిలబడ్డ నన్ను చూశాడు, చూసి, ఏ మాటకి ఆకలిగా ఉన్నానో పట్టేశాడు. చదువు మరీ వృథా పోలేదు.

‘ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి’ అని కాగితం కోసం చెయ్యి చాపాను. ప్రొఫెసరు గారు నవ్వుతూ తన పెన్ను కూడా మూత తీసి ఇచ్చాడు. మా ఆయన ‘అదీ, అలా సర్దుకుపోవాల’ అన్నాడు. నాలుగు వాక్యాల కింద ఐదోది రాశాను. ‘పదకొండో జవాబులో నా గురించి ఉన్న మంచి మాటలు ఆవిడవి కావు, ఆవిడ నన్ను అలా ఎప్పుడూ అనలేదు’. దాని కింద సంతకం. మామూలుగా శ్రీమతి బెన్‌హర్ అని పెడతాను. ఈసారి సలోమి అని నా పేరు పెట్టాను.

మా ఆయన నా భుజం మీదుగా చదువుతున్నాడు, ఊపిరి మెడకి తగులుతోంది. చాలాసేపు చదివాడు, ఒకే లైను. బెంచీ మీద కూర్చున్నాడు.

‘అయితే అమ్మ మాట్లాడలేదంటావు’.

‘మీతో చాలాసార్లు మాట్లాడింది. మీరు వెళ్లిపోయేవారు’.

ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ‘మరి నిజంగా నీ గురించి ఏటనుకునేదో?’ అన్నాడు, నన్ను కాదు, బిస్కట్ల పళ్లాన్ని అడిగినట్టు.

‘తెలీదండీ’ అన్నాను.

పెన్ను తిరిగిచ్చేశాను. త్రినాధరావు గారు కాగితం అందుకుని, కళ్లద్దాలు సవరించుకుని అడుగు దాకా చూశాడు. ‘తేదీ వెయ్యలేదమ్మా’ అన్నాడు.

మళ్లీ పెన్ను తీసుకుని తేదీ వేశాను.